గుంటూరు ఎండకు తగ్గ ధ్యాన మందిరం కట్టండి

మన వైపు ఈ మధ్య ధ్యాన కేంద్రాలు కట్టాలనే ఉత్సాహం బాగా పెరిగింది. సంతోషమే. కానీ వాటికోసం గీయిస్తున్న ప్లాన్లు చూస్తుంటే కడుపు మండిపోతోంది. కాంక్రీటు ఫ్రేము, పడమటి వైపు నిలువెత్తు అద్దాలు, గోడలకు మట్టి రంగు టెక్స్‌చర్ పెయింట్, లోపల ఏసీలు. బ్రోచర్ మీద మాత్రం ‘ప్రకృతి ఒడిలో’ అని రాస్తారు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఆ హాల్లో పది నిమిషాలు కూర్చోవడం ఎవరి తరమూ కాదు.

గుంటూరు దగ్గర ఒక పొలంలో ఇలాంటిదే కట్టబోతున్న ట్రస్టు వాళ్లు నన్ను అభిప్రాయం అడిగారు. ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను, ధ్యానానికీ కూర్చుంటాను. వాళ్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

ముందు నేల సంగతి. ‘మన పొలంలో మట్టితోనే కట్టేద్దాం’ అన్నారు. వినడానికి బాగుంది కానీ అది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాంతో గోడ పెడితే తొలి వేసవికే పగుళ్లు. మట్టి ఇటుకకు ఇసుక పాలు ఎక్కువగా, బంక పాలు తక్కువగా ఉన్న ఎర్రమట్టి కావాలి. గాజు సీసాలో గుప్పెడు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇసుక అడుగుకు, బంక పైకి పొరలుగా తేరుతుంది. ఏది ఎంతుందో కళ్లకే కనిపిస్తుంది. సరైన మట్టికి 5 శాతం సిమెంటు కలిపి, మిషన్లో నొక్కి, కొన్ని వారాలు తడుపుతూ ఉంచితే బట్టీలో కాల్చే పనిలేని ఇటుక వస్తుంది. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో మట్టి కట్టడాలు నేర్పే ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దశాబ్దాలుగా నేర్పుతున్నది ఇదే.

అలాగని ఎర్రమట్టి కోసం ఏ గుట్టనో తవ్వించకండి. గ్రావెల్ కోసం మన చుట్టూ గుట్టలు ఎలా కరిగిపోతున్నాయో రోజూ చూస్తున్నాం. కొండను మింగి కట్టిన మందిరంలో కూర్చుని కళ్లు మూసుకుంటే ఏం లాభం? ఎర్రనేల ఉన్న చోట ఎవరో సెల్లారు తవ్వుతూనే ఉంటారు. ఆ మట్టి ఎలాగూ పారబోసేదే. అది అడగండి.

పునాది విషయంలో పట్టింపులకు పోవద్దు. నల్లరేగడిలో అండర్‌రీమ్డ్ పైల్స్ (లోతుకు దింపి, అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు) వేయాలని ఇంజనీరు అంటే వేయించండి. అక్కడ సిమెంటు, ఇనుము వాడినందుకు బాధపడక్కర్లేదు.

ఇక అసలు విషయం వేడి. దీని మీదే ఎక్కువ వాదన జరిగింది. మట్టి గోడంటే చల్లగా ఉంటుందని అందరూ అనేస్తారు. సగమే నిజం. ఒకటిన్నర అడుగు మందమున్న మట్టి గోడ దాటి పగటి వేడి లోపలికి రావడానికి ఇంచుమించు పది గంటలు పడుతుంది. మండుటెండలో ఉండవల్లి గుహల్లోకి అడుగుపెట్టినవాళ్లకు ఈ సంగతి ఒంటికే తెలుసు. కానీ అదే గోడ రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతుంది. మన దగ్గర మే నెలలో రాత్రి కూడా చల్లబడదు, పైగా ఉక్క. అందుకే పగలు కూర్చునే ధ్యాన మందిరానికి మందపాటి గోడలు, రాత్రి పడుకునే గదులకు తేలికపాటి గోడలు పెట్టమన్నాను. గదులకు ర్యాట్ ట్రాప్ కట్టుబడి చాలు. తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో బాగా ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఇటుకను అంచు మీద నిలబెట్టి మధ్యలో బోలు వదులుతారు, ఇటుకలో పావు వంతు దాకా మిగులుతుంది.

హాలు పొడుగు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండాలి. పడమటి గోడకు కిటికీ వద్దు, అటు సామాన్ల గది పెట్టి బయట వేప, కానుగ నాటండి. సాయంత్రం సముద్రం మీది గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది, దాన్ని లోపలికి రానిచ్చి ఎదుటి గోడ పైభాగం నుంచి పోనివ్వాలి. కిటికీలకు దోమతెర తప్పదు. కృష్ణా కాలవల పక్కన దోమల సంగతి ఆలోచించకుండా ‘ఓపెన్ హాల్’ గీసేవాళ్లు ఇక్కడ ఒక్క సాయంత్రమైనా కదలకుండా కూర్చున్నారా అని అనుమానం. తెర గాలిని తగ్గిస్తుంది కాబట్టి కిటికీలు పెద్దవి పెట్టాలి, అంతే.

పైకప్పుకు రేకులు వద్దేవద్దు. వాన పడితే ఆ మోతలో మన మాట మనకే వినపడదు. తాటాకు చల్లన, చప్పుడు లేదు. కానీ మన ఊళ్లలో వేసవిలో ఇళ్లు అంటుకునేది దానివల్లే, పైగా కొన్నేళ్లకోసారి మళ్లీ కప్పాలి. అందుకని వసారాకు మాత్రమే తాటాకు. హాలుకు చేవదేలిన తాటి దూలాలు, సరుగుడు వాసాలు, పెంకు. వెదురు వాడితే బోరాక్స్ ద్రావణంలో నానబెట్టాకే వాడాలి, లేదంటే పురుగు పొడి చేస్తుంది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో బౌద్ధ భిక్షువుల గుండ్రటి చైత్యగుహలో (కొండను తొలిచిన ప్రార్థన మందిరం) కప్పు చూడండి. వాసాలు, పట్టెలు రాతిలోనే చెక్కారు. మన నేల మీద ధ్యానానికి తొలుత నీడనిచ్చింది కర్ర, గడ్డి కప్పులేనని ఆ రాయే చెబుతోంది.

మట్టి గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తామన్నప్పుడు మాత్రం గట్టిగానే అరిచాను. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక ఆ ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడుతుంది, గోడనూ లాక్కుపోతుంది. సున్నం పూయండి. పిడుగురాళ్ల బట్టీలు మనకు దగ్గరే. సున్నపురాయి 900 డిగ్రీల దగ్గర కాలితే చాలు, సిమెంటుకు 1450 దాకా పోవాలి. పైగా సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత వెనక్కి తీసుకుంటుంది. ‘సిమెంటు ఫ్యాక్టరీలూ పల్నాడులోనే ఉన్నాయి కదా, అదీ లోకలే’ అన్నారొకరు. దగ్గర్లో దొరికినంత మాత్రాన భూమికి మేలు చేసేది అయిపోదండీ. నేలకు మాత్రం పల్నాడు నాపరాళ్లే పరచండి. ఒట్టి కాళ్లతో నడిచే చోట అంతకంటే హాయి ఏముంది? ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో చేసే ఇటుకలు ‘నేచురల్’ కాదని పక్కన పెడుతున్నారు. గుట్టలుగా పడివున్న వ్యర్థం పనికొస్తుంటే ఎందుకు వద్దు? బాత్రూములకు అవే వాడండి.

చోటు గురించి ఒక్క మాట. కృష్ణ ఒడ్డున, కరకట్ట లోపల కట్టాలనే మోజు వదిలేయండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ నీటికి ఏ మట్టి గోడా నిలవదు. ఎత్తు నేల మీద కట్టినా మూడడుగుల రాతి పీఠం, గోడ దాటి మూడు నాలుగు అడుగుల చూరు ఉండాల్సిందే. మన తుఫాను జల్లు నిలువుగా పడదు, పక్క నుంచి కొడుతుంది.

ట్రస్టు వాళ్లకు ఇప్పుడున్న టెన్షన్ ముహూర్తం. సున్నం నానడానికే వారాలు పడుతుంది, తొందరపడితే కుదరదు. మెటీరియల్ ఖర్చు తగ్గి కూలి ఖర్చు పెరుగుతుంది. ఆ డబ్బు ఇక్కడి మేస్త్రీల చేతికే వెళుతుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ముందు ఒక్క గదే కట్టి, ఒక మే నెల, ఒక వానాకాలం అందులో కూర్చుని చూసి, మిగతావి మొదలుపెట్టమన్నాను. ఆలోచిస్తామన్నారు.

తెనాలి, సత్తెనపల్లి వైపు డంగు సున్నం (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) పని చేసిన పాత మేస్త్రీలు మీకు తెలిసినవాళ్లుంటే కామెంట్లో చెప్పండి. వాళ్లను తీసుకెళ్లి ట్రస్టు వాళ్ల ముందు కూర్చోబెడతాను.