పారిస్‌లో హోటల్ పడుకోవడానికి మాత్రమేనా?

ప్రతి ఏడాదీ మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, మా ఆయన ఆఫీసు గ్రూపులో, మా పెదనాన్నగారి అమ్మాయి పంపితే ఫ్యామిలీ గ్రూపులో, ఈ ఒక్క నెలలోనే నాకు మూడుసార్లు వచ్చింది. "యూరప్ వెళ్తున్నారా? హోటల్‌కి డబ్బు తగలేయకండి" అని మొదలై ఐదు సలహాలు ఇస్తుంది. హోటల్ పడుకోవడానికే కాబట్టి ఊరి బయట తీసుకోండి, సగానికి సగం మిగులుతుంది. స్టార్లు చూసుకుంటే చాలు, యూరప్ అంతా ఒకే లెక్క. బ్రేక్‌ఫాస్ట్ కలిపి ఉన్న గదే తీసుకోండి. రైల్వే స్టేషన్ల చుట్టుపక్కలకి మాత్రం పోకండి, దొంగల భయం. డబ్బు వెనక్కి రాని బుకింగ్ చేస్తే ఇంకా చవక.

ఈ మెసేజ్‌ని నమ్మే 2023 జూన్‌లో మా అత్తయ్యగారిని, మామయ్యగారిని పారిస్ తీసుకెళ్లాం. 2025 మేలో మా అమ్మానాన్నలతో మళ్లీ వెళ్లాం, ఈసారి దాన్ని పక్కన పెట్టి. రెండు ట్రిప్పులకీ మధ్య తేడా చూశాక, ఆ మెసేజ్ మళ్లీ కనబడినప్పుడు చూసీ చూడనట్టు ఊరుకోలేకపోతున్నాను. ఖర్చు పెట్టగలిగినవాళ్లకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ జీవితంలో ఒక్కసారి పెద్దవాళ్లని యూరప్ చూపించాలని మూడేళ్లు డబ్బు దాచుకుని వెళ్లేవాళ్లే దీన్ని ఎక్కువగా నమ్ముతున్నారు.

మొదటిది ఊరి బయట హోటల్ సంగతి. మొదటి ట్రిప్‌లో మా హోటల్ నుంచి ఆర్‌ఈఆర్ స్టేషన్‌కి బస్సులో పది నిమిషాలు. ఆర్‌ఈఆర్ అంటే మన ఎంఎంటీఎస్ లాంటి సబర్బన్ రైలు. అది దిగి మళ్లీ మెట్రో. మ్యాప్‌లో చూస్తే అరగంట అని చూపించేది రైలులో కూర్చున్న సమయం మాత్రమే. గది తలుపు వేసిన దగ్గర్నుంచి మ్యూజియం గేటు దాకా గంటా పది నిమిషాలు పట్టేది, రానూపోనూ రెండు గంటల పైమాట.

జూన్‌లో పారిస్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి పది అవుతుంది. ఈఫిల్ టవర్ మీద మిణుకు మిణుకు మనే లైట్లు చీకటి పడ్డాకే, గంట గంటకీ ఐదు నిమిషాలు వెలుగుతాయి. అంటే అవి చూడాలంటే పదకొండు దాకా అక్కడ ఉండాల్సిందే. మేమూ ఉన్నాం. తిరిగి మెట్రో ఎక్కి, ఆర్‌ఈఆర్ మారి, మా స్టేషన్‌లో దిగేసరికి బస్సులు ఆగిపోయాయి. ఇనప బెంచీ మీద కూర్చుని అత్తయ్యగారు షూస్ విప్పారు. చీలమండలు ఉబ్బి, సాక్సు అంచు పడిన చోట చర్మంలో గాడి పడి ఉంది. "ఇంకెంత దూరమమ్మా?" అని అడిగారు. నడిస్తే ఇరవై ఐదు నిమిషాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. టాక్సీ కోసం ముప్పావుగంట చూశాం. మర్నాడు ఆవిడ గది దాటి రాలేదు. నాలుగు రోజుల ట్రిప్‌లో ఒక రోజు అలా పోయింది.

డబ్బు లెక్క కూడా చెప్పుకుందాం, ఎందుకంటే మెసేజ్ నిలబడేది దాని మీదే. 2025లో నేను చూసినప్పుడు పారిస్ నగరం లోపలే ఉన్న పదమూడో డిస్ట్రిక్ట్‌లో ఒక శుభ్రమైన 3 స్టార్ గది రాత్రికి 135 యూరోలు, అదే స్థాయి గది ఊరి బయట 100. తేడా 35, అంటే నాలుగో వంతు. సగం ఎక్కడుంది? రెండు గదులు, నాలుగు రాత్రులకి 280 యూరోలు మిగిలినట్టు కనిపిస్తుంది. అందులోంచి తీసివేతలు చూడండి. 2025 జనవరిలో పాత జోన్ల పద్ధతి తీసేసి మెట్రో, రైలు టికెట్‌ని ఒకే ధర చేశారు, ఆ ఏడాది 2.50 యూరోలు. బస్సు టికెట్ వేరే, అప్పుడు 2 యూరోలు. ఒకదాని మీద రెండోది ఎక్కనివ్వరు. బస్సెక్కి స్టేషన్‌కి వెళ్లాల్సిన హోటల్ అయితే ఒక్కొక్కరికి ఒకవైపు నాలుగున్నర, నలుగురికి రోజుకి రానూపోనూ 36 యూరోలు. ఊళ్లో ఉంటే అదే 20. రైళ్లు ఆగాక ఒక్కసారి టాక్సీ ఎక్కినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. డబ్బు కొంత మిగులుతుంది, మిగలదని నేను అనను. ఆ మిగిలినదానికి రోజుకి గంటన్నర చొప్పున మీ సెలవుల్లోంచి కట్టుకుంటున్నారు.

ఎయిర్‌పోర్టు సంగతి ఇంకా ముఖ్యం. షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి రైలు టికెట్ 2025లో మనిషికి 13 యూరోలు, నలుగురికి 52. అధికారిక టాక్సీలకి పారిస్ లోపల ఎక్కడికైనా ఫిక్స్‌డ్ రేటు ఉంది. 2025లో సీన్ నదికి ఉత్తరం వైపు 56, దక్షిణం వైపు 65. రాత్రయినా, ట్రాఫిక్ ఉన్నా అంతే. నలుగురు పెద్దవాళ్లు, నాలుగు పెట్టెలు ఉంటే, ఆ లెక్కన రైలు కంటే 4 యూరోలో, 13 యూరోలో ఎక్కువ పెట్టి హోటల్ గుమ్మంలో దిగవచ్చు. టాక్సీ స్టాండ్‌లో పెద్ద బండి అడగండి. లోపల హాల్లో వచ్చి పలకరించేవాళ్ల వెంట వెళ్లకండి. ఈ ఫిక్స్‌డ్ రేటు నగరం హద్దు దాటితే వర్తించదు. ఊరి బయట హోటల్‌కి మీటరే.

ఇక పడుకోవడానికే అనే మాట. ఇరవై ఐదేళ్ల కుర్రాళ్లకి అది సరిపోతుందేమో. మా నాన్నకి షుగర్, అమ్మకి మోకాళ్ల నొప్పులు. 2025లో పదమూడో డిస్ట్రిక్ట్‌లోని ప్లాస్ దితాలీ అనే కూడలి దగ్గర ఉన్నాం. అక్కడ మెట్రో 5, 6, 7 లైన్లు కలుస్తాయి. పొద్దున ఏడో లైన్‌లో లూవ్ర్ మ్యూజియంకి వెళ్లి, ఒంటిగంటకి గదికి వచ్చేవాళ్లం. నాన్న రైస్‌కుక్కర్‌లో వండిన అన్నం కాస్త తిని మాత్ర వేసుకుని పడుకునేవారు. (గదిలో వండుకోవచ్చా అని ముందే మెయిల్ పెట్టి అడిగాం, చిన్న వంటగది ఉన్న గది ఇచ్చారు.) నాలుగున్నరకి లేచి ఆరో లైన్ ఎక్కితే అది బిర్ హకీమ్ స్టేషన్ దగ్గర సీన్ నది మీద నుంచి, నేల పైన పోతుంది. కిటికీలోంచి టవర్ మొత్తం కనిపిస్తుంది. అమ్మ ఆ ఒక్క స్టేషన్ దూరం కోసం మూడు రోజులూ అదే రైలు ఎక్కుదామంది. మధ్యాహ్నం పడుకున్న మనుషులు కాబట్టే రాత్రి పదకొండు దాకా హుషారుగా ఉన్నారు.

నడిబొడ్డున, టవర్ ఎదురుగానే తీసుకోమని నేను చెప్పడం లేదు. అక్కడి ధరలు మధ్యతరగతికి అందవు, అందుకోనక్కర్లేదు కూడా. నగరం లోపలే, మెట్రోకి ఐదు నిమిషాల నడకలో, ఒక్కసారి రైలు మారితే ముఖ్యమైన చోట్లకి చేరే పేటలు చాలా ఉన్నాయి. ప్లాస్ దితాలీ ఒకటి. ఎయిర్‌పోర్టు రైలు నేరుగా ఆగే దాన్‌ఫెర్ రోష్‌రో ఇంకొకటి. డిస్నీలాండ్ కూడా వెళ్లాలంటే ఆర్‌ఈఆర్ ఎ లైన్ మీద ఉన్న నాసియోన్. సొంతంగా కారు అద్దెకి తీసుకుని తిరిగేవాళ్లకి, లేదా డిస్నీ కోసమే వెళ్లేవాళ్లకి మాత్రం ఊరి బయటే మంచిది. ఆ ముక్క మెసేజ్‌లో ఉంటే బాగుండేది.

రెండోది స్టార్లు. యూరప్ అంతా ఒకే లెక్క అనేది పొరపాటు. 2009లో జర్మనీ, ఆస్ట్రియా, చెక్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ లాంటి దేశాలు కలిసి హోటల్‌స్టార్స్ యూనియన్ అని పెట్టుకుని ఒకే కొలమానం పాటిస్తున్నాయి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ అందులో లేవు. ఫ్రాన్స్‌లో స్టార్లు ఇచ్చే పద్ధతి వేరు, అది ఐదేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి, తీసుకోవడం తప్పనిసరి కూడా కాదు. అక్కడ 3 స్టార్ డబుల్ రూమ్ బాత్రూమ్‌తో కలిపి 13.5 చదరపు మీటర్లు ఉంటే చాలు. అంటే మన ఇళ్లలో పన్నెండు బై పన్నెండు బెడ్‌రూమ్, అందులోనే బాత్రూమ్. 4 స్టార్ అయినా 16 చదరపు మీటర్లే కనీసం. హైదరాబాద్‌లో 3 స్టార్ గది చూసిన కళ్లతో వెళ్తే గుండె జారుతుంది.

స్టార్ల కంటే ముందు నేను చూసేవి వేరే ఉన్నాయి. మంచం వెడల్పు ఒకటి. ఫ్రాన్స్‌లో పాత డబుల్ మంచం 140 సెంటీమీటర్లే, నాలుగడుగుల ఏడంగుళాలు. 160 అని రాసి ఉంటేనే ఇద్దరికి హాయిగా సరిపోతుంది. లిఫ్ట్ ఉందా అన్నది రెండోది. ఉంటే అది ఎక్కడి నుంచి మొదలవుతుందో ఫొటోల్లో చూడండి. మొదటి ట్రిప్‌లో మా హోటల్ లిఫ్ట్‌కి ముందు ఐదు మెట్లు, లోపల ఒక మనిషి ఒక పెట్టె మాత్రమే పట్టేంత చోటు. పెట్టెల్ని ఒక్కొక్కటిగా పైకి పంపి, మామయ్యగారు మెట్లెక్కి వచ్చి వాటిని దింపుకునేవారు. బాత్రూమ్‌లో టబ్బు ఉంటే దాని అంచు మోకాలెత్తు ఉంటుంది, పెద్దవాళ్లు తడి కాలితో దాటడం ప్రమాదం. నేల మట్టానికే షవర్ ఉన్న గది కావాలని రాయండి. టాయిలెట్‌లో నీళ్ల పైపు ఉండదు, చిన్న మగ్ పెట్టెలో వేసుకోండి. రోడ్డు వైపు కాకుండా వెనక పెరడు వైపు గది అడిగితే నిద్ర పడుతుంది.

ఏసీ తప్పనిసరిగా చూడండి. యూరప్ చల్లగా ఉంటుందన్నది మన పిల్లల వేసవి సెలవులకి పనికొచ్చే మాట కాదు. 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. పాత భవనాల్లో ఉన్న చాలా చిన్న హోటళ్లలో ఏసీ ఉండదు, ఫ్యాను కూడా ఉండదు.

స్టార్లకి ఇంకో లింకు ఉంది. పారిస్‌లో నగర పన్ను మనిషికి, రాత్రికి లెక్క. స్టార్ పెరిగితే పన్ను పెరుగుతుంది. 3 స్టార్‌కి 5 యూరోలు దాటుతుంది, 4 స్టార్‌కి 8 దాటుతుంది. పద్దెనిమిది లోపు పిల్లలకి లేదు. నలుగురు పెద్దవాళ్లు నాలుగు రాత్రులుంటే 3 స్టార్‌లోనే 80 పైన. యాప్‌లో మొదట కనబడే ధరలో ఇది చాలాసార్లు ఉండదు, హోటల్లో కట్టించుకుంటారు. పోలికలు చేసేటప్పుడు ఇది కలుపుకుని చూడండి.

బ్రేక్‌ఫాస్ట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మధ్యతరహా హోటళ్లలో మనిషికి పదిహేను యూరోల దాకా అవుతుంది. శాకాహారులకి అందులో దొరికేవి బ్రెడ్డు, వెన్న, జామ్, పెరుగు, పండ్లు. వీధి చివర బేకరీలో క్రోసాన్, కేఫ్‌లో కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ కలిపితే అందులో మూడో వంతు కూడా కాదు. కౌంటర్ దగ్గర తాగే కాఫీకి, బల్ల దగ్గర కూర్చుని తాగే కాఫీకి ధరలు వేరుగా ఉంటాయి. పొద్దున్నే తిని మాత్రలు వేసుకోవాల్సిన పెద్దవాళ్లుంటే మాత్రం హోటల్లోనే తినడం మేలు. అదయినా ముందే కట్టనక్కర్లేదు, చాలా చోట్ల ఏ రోజుకారోజు రిసెప్షన్‌లో చెప్పి తీసుకోవచ్చు. మా నాన్నకి రెండు రోజులు అలాగే తీసుకున్నాం.

స్టేషన్ల దగ్గర వద్దు అన్న సలహాలో కొంత నిజముంది. గార్ దు నార్ అనే పెద్ద రైల్వే స్టేషన్ ముందు జేబుదొంగల బెడద ఉన్న మాట వాస్తవం, అర్ధరాత్రి పెట్టెలతో అక్కడ తిరగమని ఎవరికీ చెప్పను. అందుకని స్టేషన్లన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. గార్ ద లియోన్, మోంపర్నాస్ చుట్టుపక్కల పేటల్లో కుటుంబాలు హాయిగా ఉంటాయి. గార్ దు నార్‌కి పది నిమిషాల నడకలో లా షాపెల్ ఉంది. శ్రీలంక తమిళులు స్థిరపడ్డ పేట. ఇడ్లీ, దోసె, సాంబారు, కరివేపాకు, మునక్కాడలు అన్నీ దొరుకుతాయి. ఆ పక్కనే వినాయకుడి గుడి ఉంది, వేసవి చివర్లో రథోత్సవం చేస్తారు. మూడు రోజులుగా సాంబారు రుచి చూడని మా నాన్న అక్కడ సాంబారు అన్నం తిని, చేయి కడుక్కుని చాలాసేపు మాట్లాడలేదు.

చివరిది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సలహా, డబ్బు వెనక్కి రాని బుకింగ్. మనకి షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 రోజుల దాకా పడుతుంది. అప్లికేషన్‌తో పాటు ఎక్కడ ఉంటారో చూపించాలి. వీసా రాకపోతే కట్టిన 90 యూరోల ఫీజు ఎలాగూ రాదు, హోటల్ డబ్బు కూడా పోవాలా? ఉచితంగా రద్దు చేసుకోగలిగే బుకింగ్‌కి కొంచెం ఎక్కువైనా కట్టండి. వీసా చేతికొచ్చాక అదే హోటల్ ధర తగ్గిందేమో చూసుకుని మార్చుకునే వీలు కూడా ఉంటుంది. 2025లో మా పాస్‌పోర్టులు బయల్దేరడానికి తొమ్మిది రోజుల ముందు వచ్చాయి. అమ్మది ఒక్కటి ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు గానీ, హోటల్ గురించి మాత్రం టెన్షన్ పడలేదు. రద్దుకి ఆఖరి తేదీ ప్రయాణానికి రెండు రోజుల ముందు వరకు ఉంది.