తిడితేనే పని జరుగుతుందా?

వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది: "మేనేజర్ మెత్తగా ఉంటే టీమ్ నెత్తికెక్కుతుంది. తిట్టే బాస్ దగ్గరే పని జరుగుతుంది, తప్పులు తగ్గుతాయి. స్టీవ్ జాబ్స్ బుజ్జగించి కట్టాడా ఆపిల్‌ని? తట్టుకోలేనివాళ్లు పోతారు, గట్టివాళ్లు మిగులుతారు." దీన్ని ఫార్వార్డ్ చేసేది ఎక్కువగా మేనేజర్లే, అది వేరే సంగతి.

తిట్టాక పని మెరుగవడం చాలామంది కళ్లారా చూసే ఉంటారు. 1960ల్లో ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులు కూడా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్‌తో ఇదే అన్నారు. విమానం బాగా నడిపిన కుర్రాణ్ని మెచ్చుకుంటే మర్నాడు చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాడి మీద అరిస్తే బాగుపడుతున్నాడు, కాబట్టి అరవాల్సిందేనని. కానెమన్ వాదన పెట్టుకోలేదు. ఒక్కొక్క శిక్షకుడి చేత, వెనక్కి తిరిగి చూడకుండా, వీపు వెనకున్న గురి మీదికి రెండు నాణేలు విసిరించాడు. మొదటిసారి గురికి దగ్గరగా వేసినవాళ్లలో ఎక్కువమంది రెండోసారి దూరంగా వేశారు, దూరంగా వేసినవాళ్లు దగ్గరికొచ్చారు. అక్కడ మెచ్చుకున్నవాళ్లూ లేరు, అరిచినవాళ్లూ లేరు. మరీ చెడ్డ రోజు తర్వాత ఎవరైనా తమ మామూలు స్థాయికి వస్తారు, అంతే. సాఫ్ట్‌వేర్ రిలీజ్ బోల్తా కొట్టిన నెల తర్వాతి నెల ఎలాగూ కాస్త నయంగానే ఉంటుంది. ఆ క్రెడిట్ అరుపు ఖాతాలో పడుతుంది.

ఇక తప్పులు తగ్గడం. ఇజ్రాయెల్‌లోనే, నెలలు నిండని శిశువులకు చికిత్స చేసే డాక్టర్లు, నర్సులతో 24 టీములు చేసి ఒక మాక్ డ్రిల్ పెట్టారు. ఫలితాలు 2015లో వచ్చాయి. విదేశీ నిపుణుడొకరు గమనిస్తున్నారని చెప్పి, కొన్ని టీములకు ఆయన నోట చులకన మాటలు వినిపించారు. బూతులేం కావు, పుల్లవిరుపు మాటలే. ఆ టీముల్లో రోగ నిర్ధారణా దెబ్బతింది, చేతి పనీ దెబ్బతింది. తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. మన ఆఫీసుల్లోనూ ఇంతే. సోమవారం స్టేటస్ కాల్‌లో అన్నీ గ్రీన్, అంటే అంతా సవ్యమే. గురువారం రాత్రి కస్టమర్లు వాడే సిస్టమ్ పడిపోయాక తెలుస్తుంది, దానికి కారణమైన బగ్ సంగతి ముగ్గురికి ముందే తెలుసని. తిట్లు తినడానికి ఎవరు ముందుకొస్తారు?

డెడ్‌లైన్ గట్టిగా అడగడం, నాసి పనిని తిప్పి పంపడం వేరు. వాటిని ఎవరూ తప్పుపట్టడం లేదు.

స్టీవ్ జాబ్స్ అరిచేవాడు, నిజమే. 1985లో తను పెట్టిన కంపెనీలోనే పట్టు పోయి బయటికి నడిచిందీ నిజమే. ఆయన డిజైన్ చూపు నేర్చుకోవడం కష్టం, అరుపు సులువు. మనవాళ్లు సులువైంది పట్టుకున్నారు.

గట్టివాళ్లు మిగులుతారట! ముందు వెళ్లేది చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నవాడు, అంటే పని బాగా వచ్చినవాడు. మిగిలేది హోమ్ లోన్ ఈఎంఐ ఉన్నవాళ్లు. అమెరికాలో అయితే హెచ్1బి వీసా మీద ఉన్న మనవాళ్లు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే సాధారణంగా పెట్టే సర్దుకోవడమే. అలాంటివాళ్లు నోరు మూసుకుని కూర్చుంటారు. ఆ బాస్ మాత్రం "నా టీమ్‌లో అట్రిషన్ (మానేసి వెళ్లేవాళ్లు) తక్కువ" అని అప్రైజల్‌లో రాసుకుంటాడు.