హాల్లో సముద్రం, చేతిలో తుడుపుగుడ్డ

ఇంట్లో పగడాల తొట్టి పెడతానని నడుం కట్టిన ఏ ఆసామినైనా కదిపి చూడండి. నారింజ ఒంటి మీద తెల్లచారల క్లౌన్ ఫిష్‌లు ఎన్ని కొనాలో చెబుతాడు. నీలం లైటు కింద ఏ పగడం ఎలా మెరుస్తుందో చేతులు తిప్పుతూ చెబుతాడు. ఇంట్లో బకెట్లెన్ని ఉన్నాయని అడగండి, నీళ్ళు నములుతాడు. రీఫ్ అక్వేరియం అంటే చేపల సరదా అనుకోవడం దగ్గరే ఉంది తిరకాసంతా. అది బకెట్లు, పైపులు, పాతగుడ్డల సరదా. చేప ఎప్పుడో ఆఖర్న వస్తుంది. నీళ్ళు మాత్రం మొదటి రోజే నేల మీదికి వస్తాయి.

ఆ మొదటి రోజు నేల తడిపేది సముద్రపు నీరు కూడా కాదు, ఉత్త మంచినీరు. కుళాయి నీళ్ళలో క్లోరిన్, ఫాస్ఫేట్, సిలికేట్, ఒక్కోసారి పైపుల్లోంచి వచ్చిన రాగి కూడా ఉంటాయి. రాగి రొయ్యలకూ నత్తలకూ విషం, ఫాస్ఫేట్ నాచుకు విందుభోజనం. అందుకని నీళ్ళలో కరిగినవాటినన్నిటినీ వడకట్టే ఆర్‌ఓ డీఐ ఫిల్టర్ పెట్టుకుని, కరిగి మిగిలినదెంతో కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీళ్ళే వాడాలి. ఇంతవరకు ఆసామి బాగానే చదువుకుంటాడు. చదవనిది ఫిల్టర్ వేగం. రోజుకు 75 గ్యాలన్లని పెట్టె మీద ఘనంగా రాసి ఉంటుంది. లెక్క వేస్తే గంటకు 12 లీటర్లు కూడా రావు. 20 లీటర్ల బకెట్ నిండడానికి గంటా నలభై నిమిషాలు. పక్కన నిలబడి చూడడానికి మరీ ఎక్కువ, బయటికెళ్ళి పని చూసుకు రావడానికి కాస్త తక్కువ. సరిగ్గా ఈ వ్యవధిలోనే మనిషికి ఫోన్ వస్తుంది, లేదా కునుకు పడుతుంది. ఫిల్టర్‌కి కునుకు లేదు.

బకెట్ అంచున, నిండగానే తేలి ధార మూసేసే ఫ్లోట్ వాల్వు ఒకటి బిగిస్తే ఈ గొడవ తీరుతుంది. అయితే ఫిల్టర్‌లోకి వచ్చే నీటినే ఆపేసే ఆటో షటాఫ్ వాల్వు కూడా ఉండాలి. అది లేకుండా ఫ్లోట్ ఒక్కటే పెడితే బకెట్‌లోకి వచ్చే ధార ఆగుతుంది గానీ, వ్యర్థపు నీరు తూములోకి తెల్లవార్లూ పోతూనే ఉంటుంది.

ఇక ఉప్పు. వంటింటి ఉప్పు పనికిరాదు. అది దాదాపుగా సోడియం క్లోరైడ్ మాత్రమే. పగడానికి కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు వగైరా సముద్రం సరంజామా అంతా కావాలి, అదంతా రీఫ్ సాల్ట్‌లో ఉంటుంది. లీటరుకు సుమారు 38 గ్రాములు; కంపెనీని బట్టి అటూ ఇటూ ఉంటుంది కనుక డబ్బా మీద చూసుకోవాలి. ఉప్పును నీళ్ళలో వేయాలి గానీ ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. పోస్తే మొదటి మగ్గు నీళ్ళలో ఉప్పు విపరీతంగా చిక్కబడి, కాల్షియమూ కార్బొనేటూ ఒకదాన్నొకటి పట్టుకుని సున్నంగా అడుగున కూర్చుంటాయి. తర్వాత ఎంత తిప్పినా లేవవు. చిన్న పంపు ఒకటి బకెట్‌లో పడేసి కొన్ని గంటలు తిరగనిచ్చి, 25 డిగ్రీలకు వేడి చేసి, అప్పుడు కొలవాలి. లవణీయత 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు; మంచినీటికి ఎన్ని రెట్ల బరువో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీలో చెప్పాలంటే 1.026. ముల్లు తిరిగే ప్లాస్టిక్ హైడ్రోమీటరుతో కొలిచేవాళ్ళకు ఒక హెచ్చరిక: ముల్లుకు నాలుగు గాలిబుడగలు అంటుకున్నాయంటే అది పైకి తేలి, లేని ఉప్పు ఉన్నట్టు చూపిస్తుంది. వేళ్ళతో తట్టి బుడగలు రాల్చాలి. కాంతి వంపును బట్టి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు కొనుక్కుని, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకునేవాడికి నిద్ర బాగా పడుతుంది. కరెంటు ఉన్నంతవరకు.

కరెంటు దగ్గరికి వచ్చాం కనుక అసలు ఘట్టం మొదలుపెడదాం. తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు అనుకోండి. 200 లీటర్లు. కింద స్టాండు అరలో సంప్ అనే ఇంకో గాజుపెట్టె ఉంటుంది, 60 పొడవు, 35 వెడల్పు, 35 ఎత్తు. హీటర్, నురగతో మురికి తీసే స్కిమ్మర్ లాంటి చూడముచ్చటగా లేని సామానంతా అందులో దాస్తారు. తొట్టి అంచు దాటిన నీరు ఓవర్‌ఫ్లో పైపులోంచి సంప్‌లోకి దిగుతుంది, రిటర్న్ పంపు దాన్ని మళ్ళీ పైకి తోస్తుంది. ఆసామి సంప్‌ను 28 సెంటీమీటర్ల దాకా నింపుతాడు. నీరెంత ఎక్కువుంటే తొట్టి అంత నిలకడగా ఉంటుందని చదివాడు మరి. చదివింది తప్పు కాదు. నిండుకుండ తొణకదంటారు గానీ, ఆ మాట అన్నవాళ్ళు సంప్ చూసి ఉండరు.

అర్ధరాత్రి కరెంటు పోతుంది. కాసేపటికి మంచినీళ్ళ కోసం లేచిన ఇల్లాలి గొంతు హాల్లోంచి వినిపిస్తుంది.

"ఏవండీ, కాళ్ళ కింద నీళ్ళేవిటి?"

"కరెంటు పోయింది కదే."

"కరెంటు పోతే లైట్లు పోవాలి. నీళ్ళెందుకు రావాలి?"

చాలా మంచి ప్రశ్న. జవాబు రిటర్న్ పైపు మూతి దగ్గర ఉంది. పంపు ఆగగానే పైకి తోసిన పైపే వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. దాని మూతి నీళ్ళలో ఎంత లోతున మునిగి ఉందో అంత మట్టం పడిపోయేదాకా, మూతికి గాలి తగిలేదాకా సైఫన్ అనే ఈ లాగుడు ఆగదు. ఈ కొలతల తొట్టిలో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 4 లీటర్లు. మూతి 5 సెంటీమీటర్లు కింద ఉందా, 20 లీటర్లు దిగుతాయి. పైపుల్లోనూ ఓవర్‌ఫ్లో పెట్టెలోనూ ఉన్నది ఇంకో 3 లీటర్లు వేసుకోండి. సంప్‌లో మిగిలిన జాగా 7 సెంటీమీటర్లు, అంటే 15 లీటర్లకు కాస్త తక్కువ. 23 లోంచి 15 తీసేస్తే ఇల్లాలి కాళ్ళ కింద ఉన్నదెంతో తేలిపోతుంది.

ఈ లెక్క తొట్టి కొన్నరోజు కాగితం మీద రెండు నిమిషాల పని. అర్ధరాత్రి మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ పిండుతూ చేస్తే గంటన్నర పడుతుంది. పైగా ఉప్పునీరు ఆరాక తెల్లటి పొరకట్టి అడుగు వేస్తే జిగటగా అంటుకుంటుంది కనుక మంచినీళ్ళతో మళ్ళీ తుడవాలి. స్టాండు పార్టికల్ బోర్డుదైతే అప్పటికే ఉబ్బడం మొదలుపెట్టి ఉంటుంది. అది ఉబ్బితే మళ్ళీ తగ్గేది కాదు.

మందు చాలా చవక. రిటర్న్ మూతిని నీటి మట్టానికి ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల కిందే ఆపాలి. 6 లీటర్లు దిగుతాయి, పైపుల్లోవి 3 కలిపి 9, సంప్‌లో హాయిగా పడతాయి. ఉప్పు కలపకముందే, తర్వాత పారబోసే ఉత్త కుళాయి నీళ్ళతో తొట్టి నింపి, పంపు నడిపించి, ప్లగ్ చేత్తో పీకేసి చూడాలి. దిగాల్సిందంతా దిగాక సంప్‌లో నీరు అంచుకు ఇంకా ఒకటి రెండు వేళ్ళ కిందే ఉండాలి. మళ్ళీ పంపు వేసి, నడిచేటప్పుడు మట్టం ఎక్కడ నిలిచిందో అక్కడ టేపు అంటించి, దాన్ని దాటి ఇక ఒక్క చెంబు కూడా పోయకూడదు.

మరికొంత తెలివైన ఆసామి రిటర్న్ పైపుకు నీటి మట్టానికి కాస్త కింద 3 మిల్లీమీటర్ల రంధ్రం పెడతాడు. మట్టం కొద్దిగా తగ్గగానే అందులోంచి గాలి దూరి సైఫన్ తెగుతుంది. చక్కని ఉపాయం. తొట్టిలో అన్ని రాళ్ళుండగా, అంత గాజుండగా, నత్తకు మాత్రం కూర్చోవడానికి ఆ రంధ్రమే నచ్చుతుంది. అది కూడా కరెంటు పోయే రోజునే. నత్త లేకపోతే ఊదారంగు సున్నపు నాచు పెరిగి పూడ్చేస్తుంది. నెలకోసారి ఒక టూత్‌పిక్ దూర్చి చూసుకోవాలి. నీటిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు పెట్టాను, నాకేం భయం లేదనేవాడు ఇంకా అమాయకుడు. రెక్కకూ గోడకూ మధ్య ఒక్క ఇసుకరేణువు ఇరుక్కున్నా ఆ తలుపు మూసుకోదు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇంకో అంకం ఉంటుంది. ఈసారి నత్త మకాం ఓవర్‌ఫ్లో పైపులోకి మారిందనుకోండి. నీరు కిందికి దిగదు, పంపు మాత్రం సంప్‌లో తానుండే రిటర్న్ గదిని ఖాళీ చేసేదాకా పైకి పంపుతుంది. ఆ గదిలో 15 లీటర్లుండి, తొట్టి పై అంచు దగ్గర మిగిలిన జాగా 3 సెంటీమీటర్లే అయితే, అంటే 12 లీటర్లే అయితే, ఈసారి వరద పైనుంచి. ఓవర్‌ఫ్లో మూతికి జల్లెడ పెట్టాలి, రిటర్న్ గది తొట్టి పైజాగా కంటే చిన్నదిగా ఉండాలి. వైర్లన్నీ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా వంపు తిప్పాలి. లేకపోతే నీరు వైరు వెంట నడుచుకుంటూ సాకెట్లోకి పోతుంది. కరెంటు లీకైన క్షణంలో సరఫరా ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్ లేకుండా ఈ సరదా జోలికే పోకూడదు. ఇది హాస్యానికి చెప్పడం లేదు.

నేల ఆరింది. ఇప్పుడు నీరు గాల్లోకి పోవడం మొదలవుతుంది. ఇలాంటి తొట్టి రోజుకు 2 లీటర్లు ఆవిరి చేయడం మామూలు. ఆసామి మట్టం తగ్గిందని గమనించి, సముద్రం కదా అని శ్రద్ధగా ఉప్పునీళ్ళు కలిపి పోస్తాడు. ఆవిరైంది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోయిందని ఆయనకు తట్టదు. రోజుకు 70 గ్రాముల చొప్పున వారానికి అరకిలో ఉప్పు అదనంగా చేరుతుంది. సంప్‌తో కలిపి 220 లీటర్లున్న చోట లవణీయత వారంలో 35 నుంచి 37 దాటుతుంది, నెలకు 44. పగడాలు ముడుచుకుపోయాయని లైటు మారుస్తాడు, పంపు మారుస్తాడు, దుకాణం వాణ్ణి తిట్టిపోస్తాడు. ఆవిరికి బదులు శుద్ధి చేసిన మంచినీరే పోయాలి.

దానికి ఆటో టాప్‌ఆఫ్ అనే యంత్రం ఉంది. మట్టం తగ్గగానే సెన్సర్ చూసి, పక్క డ్రమ్ములోంచి నీరు పంపుతుంది. డ్రమ్ము ఎత్తులో ఉండి, గొట్టం కొస సంప్ నీళ్ళలో మునిగి ఉంటే మాత్రం పంపు ఆగినా సైఫన్ ఆగదు. 25 లీటర్ల డ్రమ్మంతా సంప్‌లోకి, సంప్‌లోంచి నేల మీదికి. తెల్లారేసరికి లవణీయత 32 దరిదాపులకు జారిపోయి ఉంటుంది. గొట్టం కొస ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి, గట్టిగా క్లిప్పు వేసి.

ఇంత జరిగినా తొట్టిలో ఇంకా చేప లేదు. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమోనియా విషాన్ని విరిచే బాక్టీరియా కోసం 4 నుంచి 6 వారాలు ఎదురుచూడాలి. 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమోనియా వేస్తే అది నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారాలి. వేసిన అమోనియా, దాంతో పుట్టిన నైట్రైట్ 24 గంటల్లో సున్నాకి రావడం మొదలైతే తొట్టి సిద్ధమైనట్టు. ఈలోగా చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు రాళ్ళను చూసి మర్యాదగా తలాడిస్తారు.

"చేపలేవండీ?"

"ఇంకా రాలేదండీ. ముందు బాక్టీరియా రావాలి."

"అంటే నీళ్ళు పాడవ్వాలన్నమాట!"

ఒక రకంగా అంతే. సిలికేట్ తిని బతికే డయాటమ్‌లనే సూక్ష్మజీవులు గోధుమరంగు దుమ్ములా ఇసుకంతా కప్పేస్తాయి, ఆ వెనక పచ్చజుట్టు నాచు వస్తుంది. ఆసామి టూత్‌బ్రష్‌తో తోముతూ కూర్చుంటాడు. సిలికేట్ అయిపోగానే డయాటమ్‌లు వాటంతటవే పోతాయి, కానీ చూస్తూ ఊరుకోవడం చేతగానివాడే కదా అసలు సముద్రాన్ని హాల్లోకి తెచ్చింది.

తొట్టిలో పెట్టిన సముద్రపు రాయి వెంట వచ్చిన పిలవని అతిథుల్లో ఐప్టేసియా అనే కలుపు అనిమోన్ ఒకటి. చిన్న గాజుపువ్వులా ముద్దుగా ఉంటుంది. పీకితే తెగిన ముక్కల్లోంచి మళ్ళీ మొలుస్తుంది, వారం తిరిగేసరికి ఒకటికి నాలుగవుతాయి. కాల్క్‌వాసర్ అనే చిక్కటి సున్నపు పేస్టు సిరంజితో దాని నోట్లో పెట్టాలి, లేదా పెప్పర్‌మింట్ రొయ్యను వదలాలి. విసుగొచ్చి రాయినే తీసి గిన్నెలో మరిగిద్దామనుకునేవాళ్ళుంటారు. అది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రాతి మీద జోయాంథిడ్ జాతి పగడం ఏ మూలనున్నా అందులో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. మరిగిస్తే ఆవిరితో ఇంట్లోవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలా చేసి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన ఉదంతాలున్నాయి.

చివరికి చేప వస్తుంది. క్లౌన్ ఫిష్ జంట పగడాలన్నీ వదిలేసి గాజు తుడిచే అయస్కాంతం పక్కన కాపురం పెడుతుంది. దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఫైర్‌ఫిష్ అనే ఇంకో చేపతో. బెదిరితే అది తొట్టిలోంచి పైకి ఎగురుతుంది. 6 మిల్లీమీటర్ల కన్నుల పారదర్శకమైన వల మూతగా బిగించాలి. ఆసామి బిగిస్తాడు కూడా, మేత వేయడానికని ఓ మూల నాలుగువేళ్ళ సందు వదిలిపెట్టి. తొట్టికి ఉన్న నలభై చదరపు డెసిమీటర్ల పైభాగంలో చేప ఎగిరేది ఆ నాలుగువేళ్ళలోంచే. ఆ సందుకు ఇంకో వల ముక్క కత్తిరించి, తీసి పెట్టుకునేలా అయస్కాంతపు బిళ్ళలు అంటించాలి. ఈలోగా చేప కనిపించకపోతే రాళ్ళు కదపకండి, ముందు స్టాండు వెనక టార్చి వేసి చూడండి.