‘గనులు మళ్లీ తెరుస్తారట’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘కేజీఎఫ్ (కోలార్ బంగారు) గనులు మళ్లీ తెరుస్తారట’ అనే వార్త గారి దివ్య సముఖానికి,

నమస్కారాలతో రాయునది. తమరు మొన్న మళ్లీ మా ఇంటికి దయచేశారు. ఈసారి వాట్సాప్‌లో, ఎర్రటి అక్షరాల్లో, పక్కన బంగారు కడ్డీల ఫోటోతో. ఆ కడ్డీల మీద ఏదో స్విట్జర్లాండ్ ముద్ర ఉంది. అయినా ఫరవాలేదు, ఇంటికొచ్చినవాళ్లను ఊరూపేరూ అడిగే అలవాటు మాకు లేదు. మా మామ కళ్లద్దాలు తుడుచుకుని తమరిని పైనుంచి కింద దాకా చదివి, ఫోన్ నా చేతికిచ్చి అన్నాడు: “ఈతూరి నిజమేరా. ఢిల్లీ నుంచే వచ్చిండాది.”

అంతే, బీరువా మీది నుంచి ప్లాస్టిక్ కవర్ దిగింది. ఆ కవర్లో ఏముంటాయో తమరికి తెలియనిది కాదు. సర్వీస్ సర్టిఫికెట్, పీఎఫ్ స్లిప్పులు, 2001లో గనులు మూసేటప్పుడు చేతిలో పెట్టిన సెటిల్మెంట్ కాగితం, ఒక గుర్తింపు కార్డు. కార్డు మీది ఫోటోకు చెమ్మ పట్టి ముఖమంతా పోయింది, మీసం మాత్రం మిగిలింది. “ఇది నువ్వేనని ఎట్లా నమ్ముతారు మామా?” అంటే, “మీసం చూస్తే తెలీదా?” అన్నాడు. అది ఇప్పుడు తెల్లబడింది.

నాకు వారానికి ఒక్కరోజే సెలవు. మిగతా రోజులు తెల్లవారక ముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరతాను. ఊళ్లో సగం మంది బతుకు ఇదే. ఆ ఒక్క సెలవూ తమరి సేవకే పోయింది. రాబర్ట్‌సన్‌పేటలో జిరాక్స్ షాపు ముందు అప్పటికే క్యూ ఉంది. అందరూ మామ వయసువాళ్లే, అందరి చేతుల్లోనూ కవర్లే. షాపతను ఏం కాగితాలని కూడా అడగలేదు. “గనులోళ్లే గదా, అన్నీ మూడేసి కాపీలు” అని మిషన్ ఆన్ చేశాడు. తమరి వల్ల ఊళ్లో నిజంగా బాగుపడినవాడు అతనొక్కడే.

అక్కణ్ణుంచి ఒక ఆఫీసు గేటుకు పోయాం. పేర్లు రాసుకుంటున్నారని ఎవరో చెప్పారట. ఎండలో నిలబెట్టి నిలబెట్టి, సాయంత్రానికి వాచ్‌మన్ వచ్చి అడిగాడు, “పేర్లు రాస్తారని మీకెవరు చెప్పినారు?” “వాట్సాప్‌లో వచ్చిండాది” అన్నాడు మామ. “అయితే దాన్నే అడగండి పెద్దాయనా.”

కనుక తమరినే అడుగుతున్నాను.

తమరి చరిత్ర నాకు కొంత తెలుసు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28 దాకా గనులు నడిచాయి. ఆ నూట ఇరవై ఏళ్లలో ఎనిమిది వందల టన్నుల దాకా బంగారం పైకొచ్చిందంటారు. ఒకప్పుడు ముప్పై వేల మందికి పైగా పనిచేసిన చోట, మూసేనాటికి మూడు వేల చిల్లర మంది మిగిలారు. తొలిరోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములు దాటిన బంగారం, చివరికొచ్చేసరికి మూడు గ్రాములకు పడిపోయింది. తీసే ఖర్చు, అమ్మితే వచ్చే ధర కంటే ఎక్కువైంది. తలుపులు మూశారు. తమరు తలుపు సందులోంచి పుట్టారు. 2013లో సుప్రీంకోర్టు గ్లోబల్ టెండర్‌కు దారి వదిలినప్పుడు తమరు ఊరంతా ఊరేగారు. బజార్లో బంగారం ధర ఎగబాకినప్పుడల్లా తమరికి రెక్కలు వస్తాయి. ఎన్నికల ముందు కాళ్లు కూడా వస్తాయి.

సరే, నా అసలు ప్రశ్న. ‘గనులు తెరుస్తారట’ అంటారే, ఏ గని? మా చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాట. అట్టడుగున రాయి అరవై డిగ్రీలు దాటి కాగుతుంటే, చల్లగాలిని కిందికి తోలి మనుషుల చేత పని చేయించారు. నీళ్లు తోడే పంపులు ఆపిన రోజు నుంచీ అవన్నీ మునుగుతూనే వచ్చాయి. వాటిలోకి ఎవరు దిగుతారు? లిఫ్టులా దింపే ఇనుప బోను, ఆ కేజ్ ఎక్కడ? ఈ సంగతి తమరు చచ్చినా చెప్పరు. ఎందుకంటే 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సరేనన్నది గని తెరవడానికి కాదు, దిబ్బలు తవ్వడానికి. పదమూడు సైనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం లాగేశాక పారబోసిన మూడు కోట్ల టన్నుల పైచిలుకు బూడిద మట్టి. అందులో టన్నుకు ఒక గ్రాము కూడా ఉండదు. కానీ ఇవాళ్టి ధరకు అదీ గిట్టుబాటేనట. జేసీబీలు ఎత్తుతాయి, టిప్పర్లు మోస్తాయి, ట్యాంకుల్లో కలుపుతారు.

ఆ పనికి మా మామ ఎందుకు? ఆయనకొచ్చిన విద్య వేరు. గడ్డపారతో పైకప్పు రాయిని తట్టి, ఖంగుమంటే కింద కూర్చుని సద్ది విప్పొచ్చు, బొద్దుమంటే కూర్చున్నవాళ్లను లేపుకుని వెనక్కి రావాలి. చీకట్లో, చెవితోనే తేల్చుకోవాలి. రాక్‌బర్స్ట్ వస్తే, అంటే లోపల ఒత్తిడికి రాయి పేలితే, షాఫ్ట్ (గనిలోకి దిగే బావి) పైనున్న ఇళ్లల్లో గిన్నెలు కదిలేవి. ఇంట్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఉన్నది అట్లాగే వదిలి షాఫ్ట్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు. ఇప్పటికీ కొత్త ఇంటికి పోతే మామ ముందు గోడ తట్టి చూస్తాడు. ఇంత పనితనాన్ని జేసీబీ పక్కన నిలబెట్టి ఏం చేయించాలని? టిప్పర్ వెనక్కి వచ్చేటప్పుడు “రైట్, రైట్” అనిపించడానికా?

మధ్యలో కొన్ని చిన్న మనవులు. తమరొచ్చిన ప్రతిసారీ వెంట దిగే రీల్స్ పిల్లలకు చెప్పండి, సైనైడ్ దిబ్బలెక్కి డాన్స్ చేయొద్దని. గాలికాలంలో ఆ దుమ్ము మా అన్నంలోనే పడుతుంది. ‘ఒకప్పటి మినీ ఇంగ్లండ్’ అని రాసే వీరులకు కూడా చెప్పండి, ఆ ఇంగ్లండ్ బంగళాల్లోనే ఉండేదని. కూలీ లైన్లలో, అంటే పనివాళ్లకు కంపెనీ కట్టిన వరస ఇళ్లలో, వీధికంతా కలిపి కక్కసులుండేవి. 1902లోనే శివనసముద్రం నుంచి కావేరి కరెంటు ఇక్కడికొచ్చిందని, బెంగళూరు వీధి దీపాలకు ఇంకో మూడేళ్లు పట్టిందని గొప్పగా చెబుతారు. ఆ కరెంటు వచ్చింది మిషన్ల కోసం.

తమరికి చుట్టరికాలు కూడా పెద్దవే. మావాళ్ల కుప్పం పక్క చిగురుగుంట, బిసానత్తం గనులు మా గనులతో పాటే మూతపడ్డాయి. వేలం పేరుతో అక్కడికీ రాకపోకలు పెట్టుకున్నారని విన్నాను. పాత బంగారు గనులున్న రామగిరి వైపు కూడా కనిపిస్తుంటారట. ఒంట్లో ఓపిక ఎక్కువ తమరికి.

నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, తమరు ఇంట్లో ఉన్న వారం రోజులూ మామ బీపీ మాత్ర అడగకుండానే వేసుకుంటాడు. పొద్దున్నే గడ్డం గీస్తాడు. పాత స్నేహితుల పేర్లన్నీ గుర్తొస్తాయి, ఎవరు ఏ షాఫ్టో, ఎవరు ఏ షిఫ్టో. అత్త కూడా ఏమీ అనదు, ఇంకో చెంచా నెయ్యి వేస్తుంది. అందుకే తమరిని గుమ్మంలోనే తరిమేయలేకపోయాను ఇన్నాళ్లూ.

కానీ ఆ తర్వాతి వారం సంగతేంటి? అప్పుడు నువ్వుండవు. ఆయన మంచానికి అడ్డం పడి గోడ వైపు తిరుగుతాడు, నేనుంటాను పక్కన. 2001లో మామకు కుప్పంలో అన్నదమ్ముల పొత్తులో రెండెకరాలుండేవి. బోరు వేసుకుని బతకరా అన్నారు వాళ్లు. “గని తెరిస్తే మళ్లీ పిలుస్తారు, ఊళ్లో లేకపోతే ఎట్లా?” అన్నాడు. ఆ మాట నువ్వు నేర్పిందే. ఇప్పుడా పొలంలో ఆయన భాగం లేదు. ఉన్నదల్లా ఈ లైన్ ఇల్లు, కాగితం మీద అది కూడా మాది కాదు. రేకు మార్చుదామంటే, “కంపెనీ వస్తే కొత్తవి ఇస్తార్లే” అంటాడు. వాన కురుస్తుంటే బకెట్ జరుపుకుంటూ కూర్చుంటాం. పోయిన ఊరైతే ఏడ్చి, మూట కట్టుకుని ఎటో పోయేవాళ్లం. నువ్వు ఏడవనివ్వవు, పోనివ్వవు. మామతో పాటు ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్లలో ఒకాయన ఆక్సిజన్ కోసం ఆయాసపడుతూనే నన్నడిగాడు, “మెడికల్ టెస్ట్ ఉంటుందా బాబూ?” అని. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము పెట్టుకుని ఆ మనిషి ఉద్యోగానికి ఫెయిలవుతానేమోనని భయపడుతున్నాడు! సిగ్గుందా నీకు?

మళ్లీ వస్తావు, నాకు తెలుసు. బంగారం ధర దిగేట్టు లేదు. వచ్చేట్టయితే దిబ్బకు దిబ్బ అని రాసుకుని రా, గని అని రాయకు. ఉద్యోగాలెన్నో వేసుకుని రా, ఆర్డర్ నంబర్ వేసుకుని రా. ఆ స్విస్ కడ్డీల ఫోటో తీసేసి అక్కడ వయోపరిమితి వెయ్యి, పెద్ద అక్షరాల్లో, అన్నిటికంటే పైన. మామ కవర్ కోసం స్టూల్ ఎక్కకముందే అది కంట్లో పడాలి. ఆ స్టూల్‌కు ఒక కాలు ఊగుతోంది.

ఇట్లు,
చాంపియన్ రీఫ్స్ లైన్ల నుంచి,
ఒక మేనల్లుడు