కొన్నదే మళ్లీ కొంటున్నాం

నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి నీళ్లు, రక్తం, మూత్రం శాంపిళ్లు ఎన్నిసార్లు పట్టుకెళ్లారో లెక్క లేదు. ఏం తేలిందో చూద్దామని ఆ ఊరి కుర్రాడు ఫోన్‌లో వెతికితే చాలా పరిశోధన పత్రాలకు కనిపించేది నాలుగు లైన్ల సారాంశమే. మిగతాది చదవాలంటే ముప్పై నలభై డాలర్లు కట్టాలట! శాంపిల్ ఇచ్చింది వాళ్లమ్మ, గ్రాంటు ఇచ్చింది సర్కారు. సొమ్మొకడిది, సోకొకడిది.

దీనికి రూల్ లేక కాదు. తమ డబ్బుతో రాసిన పత్రం కాపీని అందరూ ఉచితంగా చదివేలా రిపాజిటరీలో, అంటే ఆన్‌లైన్ నిల్వలో, పెట్టాలని కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాలు 2014 డిసెంబరులోనే చెప్పాయి. చెప్పి ఊరుకున్నాయి. పదేళ్లకు, 2024 నవంబరులో, కేంద్ర కేబినెట్, ప్రభుత్వ సంస్థల్లోవాళ్లు జర్నళ్లు (పరిశోధన పత్రికలు) చదివేలా ప్రచురణకర్తలకు చందా కట్టే పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు మూడేళ్లకుగాను 6,000 కోట్లు ఇచ్చింది. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. వాటిలో మన గ్రాంటుతో రాసినవీ ఉన్నాయి. రాసిన శాస్త్రవేత్తకు జర్నల్ పైసా ఇవ్వదు, తప్పొప్పులు చూసిపెట్టిన శాస్త్రవేత్తకూ సాధారణంగా ఇవ్వదు. విత్తనం, ఎరువు, కూలి మనవి. వడ్లు షావుకారుకు ఊరికే తోలి, ఆయన కొట్లోనే బియ్యం కొంటున్నాం.

6,300 ప్రభుత్వ సంస్థల్లో కోటీ 80 లక్షల మందికి మేలు జరిగిందంటారు. కాదనం. కానీ మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది చదివే ప్రైవేటు కాలేజీలు తొలి విడతలో లేవు. ఊరి డాక్టరు లేడు, రైతు లేడు. 2014 రూల్ అమలై ఉంటే కనీసం మన గ్రాంటు పత్రాలైనా వీళ్లందరికీ పైసా ఖర్చు లేకుండా అందేవి.

పెద్ద జర్నల్లో పేరు పడకపోతే ప్రమోషన్ రాదన్నది శాస్త్రవేత్తల సాకు. ఆ జర్నల్లో వేయొద్దని ఎవరన్నారు? ఒక కాపీ బయట పెట్టమన్నారు, అంతే. డేటా సంగతి ఇంకా అన్యాయం. ‘అడిగితే ఇస్తాం’ అని పత్రం చివర రాస్తారు. అడిగినవాళ్లకు తెలుసు, మెయిల్‌కు జవాబు రావడం ఎంత కష్టమో.

డబ్బిచ్చేవాడు గట్టిగా అడిగితే దారికి రానివారుండరు. రూల్ పాటించకపోతే గ్రాంటు చివరి వాయిదా ఆపుతామని బ్రిటన్‌లో పరిశోధనలకు డబ్బిచ్చే వెల్‌కమ్ ట్రస్ట్ 2012లోనే చెప్పింది. అమెరికాలో వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే సర్కారీ సంస్థ ఎన్‌ఐహెచ్ 2013 నుంచి గ్రాంటు తర్వాతి వాయిదా ఆపే పని మొదలుపెట్టింది. 2025 జులై నుంచి, పత్రం తెరవడానికి ఇచ్చే ఏడాది గడువు కూడా ఎత్తేసి, అచ్చయిన రోజే అందరికీ తెరవాలంది. మన విభాగాలు మాత్రం పాలసీ రాసి బీరువాలో పెట్టాయి. తాము రాసిన రూల్ తామే పట్టించుకోనివారు ప్రచురణకర్తల అత్యాశ గురించి మాట్లాడితే నవ్విపోతారు.

2027 డిసెంబరుతో మూడేళ్ల ఒప్పందం ముగుస్తుంది. కొత్త రేటు పట్టుకుని ప్రచురణకర్తలు ఢిల్లీకి రాకముందే అధికారులు చేయాల్సిన పని ఒకటుంది. పత్రం, డేటా ఎక్కడ పెట్టారో గ్రాంటు ఫైలులో చూడండి. ఆ గడి ఖాళీగా ఉంటే తర్వాతి వాయిదాపై సంతకం పెట్టకండి. పెన్ను జేబులోంచి తీయకుండా ఉండటానికి కేబినెట్ ఆమోదమూ అక్కర్లేదు, 6,000 కోట్లూ అక్కర్లేదు.