వేలాడే కాటా గారికి, ఆ సున్నా విషయమై

మహారాజశ్రీ డిజిటల్ వేలాడే కాటా గారికి,

విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదా, ఇసుకలోనూ గాలాలు వేసుకునే వాళ్లందరూ చేసుకునే విన్నపములు.

మొన్న ఆదివారం సాయంత్రం అయిదున్నరకి, పోటు సగం ఎక్కిన వేళ, తమరు ఒక ఇసుకదొందు చేపకి సున్నా వేశారు. సున్నా పాయింట్ సున్నా సున్నా. చేప కొక్కేనికి వేలాడుతోంది, తోక కొట్టుకుంటోంది, చుట్టూ పదిమంది చూస్తున్నారు. తమరి తెర మీద మాత్రం చేప లేదు. పట్టినవాడు పన్నెండేళ్ల కుర్రాడు, వాడికదే మొదటి చేప. తెరకేసి చూశాడు, చేపకేసి చూశాడు, దాన్ని బకెట్లో పడేసి రాడ్డు మడిచేశాడు. పక్కన వల బాగుచేసుకుంటున్న జాలారి తాత తలెత్తి, "ఏటి బాబూ, ఈడ కూడా సంత పెట్టీసినారా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. జవాబు తమరే చెప్పాలి.

తమరి మిగతా ఘనకార్యాల మీద పేచీ లేదు. తడిచేత్తో పట్టుకుంటే యూనిట్ బటన్ నొక్కుకుపోయి కిలోలు కాస్తా చైనావాళ్ల జిన్‌లోకి మారిపోతాయి. జిన్ అంటే అరకిలో. రెండు కిలోల పార చేప వాట్సాప్ గ్రూపుకెక్కేసరికి నాలుగవుతుంది, పట్టినవాడు చచ్చినా సరిదిద్దడు. పోనీలే. చేపను ముందు తగిలించి తర్వాత స్విచ్ నొక్కితే ఆ బరువునే ఖాళీ కొక్కెం అనుకుని, మూడు కిలోల చేపకైనా సున్నా చూపిస్తారు. అది మా తొందరపాటు, ఒప్పుకున్నాం. ఊగే తెప్ప మీద కెరటం పైకి నెట్టినప్పుడు అంకె పెరుగుతుంది, కిందికి జారినప్పుడు తగ్గుతుంది. తమరి 'హోల్డ్' పై అంకె దగ్గరే బిగుసుకుంటుంది. ప్రపంచ రికార్డులు రాసే ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్, 1939లో పుట్టిన సంస్థ, నీళ్ల మీద తూచిన తూకాన్ని ఒప్పుకోనిది ఊరికే కాదు. నేల మీద, ధ్రువీకరించిన కాటాతో తూచాలంటుంది. అంటే తెప్ప మీద తమరు వేసిన తూకాలన్నీ చిత్తు కాగితాలే. అయినా తమరినేమీ అనలేదు.

ఆ సున్నాని మాత్రం వదిలిపెట్టలేం.

అది ఎందుకొచ్చిందో మాకు తెలుసు. తమరి కడుపులో ఒక లోహపు ముక్క, దానికి అంటించిన సన్నని తీగ ఉంటాయి. బరువు పడితే లోహం వెంట్రుకవాసి వంగుతుంది, తీగ సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పునే తమరు అంకెగా చదువుతారు. ఎండకీ గాలికీ కూడా ఈ అంకె జరుగుతూ ఉంటుంది కాబట్టి, సున్నా చుట్టుపక్కల చిన్నాచితకా ఏది కనబడినా మింగెయ్యమని తమరికి నేర్పి పంపారు. యాభై కిలోలు మోసే తమరికి ముప్ఫై గ్రాములు గాలికిందే లెక్క. పాపం చేపకి నొప్పి పుడుతుందని కుర్రాడు మెల్లగా తగిలించాడు చూడండి, అలా మెల్లగా పెడితే ఇంకా శుభ్రంగా మింగేస్తారు.

ఆ గాలిని పట్టడం ఎంత పనో కాస్త వినండి. పదో నంబరు గాలం కావాలి, కాడ పొడుగుది. పావు మిల్లీమీటరు తంగుసు. దారం మీద జారే ఇరవై గ్రాముల సీసం, దాని కింద దారం మెలిపడకుండా తిరిగే స్వివెల్, అక్కణ్నుంచి గాలానికి రెండు జానల దారం. ఎరకి పొట్టు వలిచిన రొయ్య, చిటికెనవేలి గోరంత ముక్క. ఇసుకదొందుది చిన్న నోరు, ముక్క పెద్దదైతే ఎర తినేసి గాలం మనకే వదిలేస్తుంది. ఇక విసరడం. కొత్తవాళ్లంతా ఇక్కడే చెడిపోతారు, బలమంతా పెట్టి డాల్ఫిన్ నోస్ కొండకి తగిలేలా విసురుతారు. ఇసుకదొందు తిరిగేది ఒడ్డుకీ, మొదటి కెరటం విరిగే చోటుకీ మధ్య, నీళ్లు ఒక ఛాయ ముదురుగా కనబడే గాడిలో. పదిహేను ఇరవై మీటర్లు చాలు. సీసం నేలకి తగిలాక దారం బిగించి, పది లెక్కపెట్టి, ఒక అడుగు లాగి ఆపాలి. సీసం ఇసుకని గీస్తే చిన్న దుమ్ము లేస్తుంది, ఏ పురుగో కదిలిందని చేప వస్తుంది. టక్ టక్ అని పొడుస్తుంది. ఆ టక్కుకి లాగితే ఖాళీ గాలం వస్తుంది. ఆ తర్వాత కాస్త బరువుగా ఇంకో గుంజు ఉంటుంది, అప్పుడు మణికట్టు తిప్పాలి, అంతే.

కుర్రాడు ఇదంతా గంటన్నరలో నేర్చుకున్నాడు. తమరు రెండు సెకన్లలో కొట్టేశారు.

పోనీ ఇసుకదొందు ఒక్కటే అనుకుందామా? కార చేపల సంగతి చూడండి. అరచేతిలో ఇమిడే వెండి బిళ్లలు. మూసి ఉన్నప్పుడు నోరు ఉందో లేదో తెలీదు, ఎర కనబడగానే గొట్టంలా బయటికి సాగుతుంది. అప్పుడు గట్టిగా గుంజితే ఆ పల్చటి గొట్టం చిరిగిపోయి పెదవి మన గాలానికి, చేప సముద్రానికి. ఊరికే బరువు తెలిసేలా దారం ఎత్తాలి. చేతికంటిన జిగురు ఇంటికెళ్లి సబ్బు పెట్టినా ఓ పట్టాన వదలదు, ఆ మాట నిజమే. కానీ ఆ చేప గొంతు చుట్టూ వెలుగిచ్చే బాక్టీరియాని పెంచుకుంటుంది. కడుపులో దీపం పెట్టుకుని తిరిగే ప్రాణి అది. తమరి లెక్కలో? సున్నా.

గులివింద గడ్డం కింద రెండు మీసాలతో ఇసుకని కెలుక్కుంటూ పోతుంది, సున్నా. గొరక చేతిలోకి రాగానే గొర్రు గొర్రుమని తిడుతుంది, గాలితిత్తి మీది కండరాలు ఆడించి ఆ చప్పుడు చేస్తుంది. చిన్నదైతే దానికీ సున్నా. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట కొయ్యింగ చేపలు పట్టాలంటే గోధుమపిండి, తవుడు కలిపి, అందులో చిటికెడు దూది నలిపి ముద్ద చెయ్యాలి. దూది లేకపోతే రెండు నిమిషాల్లో ముద్ద కరిగిపోయి గంటసేపు ఒట్టి గాలానికి కాపలా కాస్తాం. బెండు మునగదు, పక్కకి ఒక బెత్తెడు జరుగుతుంది. ఆ జరగడాన్ని కనిపెట్టడం నేర్చుకోడానికి కొందరికి ఏడాది పడుతుంది. దానికి ఏ అంకె వేస్తారు తమరు?

తమరు సంచిలోకి దూరినప్పటి నుంచీ మనుషులే మారిపోయారు. ఇదివరకు "ఏం పడ్డాయి?" అని అడిగేవారు. ఇప్పుడు "ఎంత?" అంటున్నారు. అదే ఆదివారం ఆరుగురు డబ్బులేసుకుని తెప్ప కట్టించుకుని, పది కిలోల పార కోసం మిట్టమధ్యాహ్నం వెళ్లారు. నూట ఇరవై గ్రాముల పాపర్లు, అంటే నీళ్ల మీద చప్పుడు చేసే ఉత్తుత్తి ఎరలు, చెయ్యెత్తితే భుజం దిగిపోయే రాడ్లు. రెండేసి వందల సార్లు విసిరారు. ఎండ నడినెత్తిన ఉండగా పార పైకొచ్చి పాపర్‌ని కొట్టడం అరుదు, పొద్దున్నో చీకటి పడే ముందో అయితే వేరు. ఈలోగా కవళ్ల, అంటే చిన్న చేపల, మంద నీళ్లని కుతకుతలాడిస్తూ తెప్ప కిందినుంచే పోయింది. సంచిలో ఆరు గాలాలకి ఎరలా ఈకలు కట్టిన తీగ ఉంది, అడుగున నలభై గ్రాముల సీసం కట్టి దింపితే చాలు, ఒక్కో దింపుకీ మూడు నాలుగు తగులుకునేవి. ఎవరూ తియ్యలేదు. కవళ్లకి తూకమేంటని! ఆ కవళ్లలో ఒకటి బతికుండగా పెద్ద గాలానికి గుచ్చి వదిలితే వాళ్లక్కావలసిన పార దాని కోసమే వచ్చేదేమో. అయిదు గంటలు గడిచాక ఒడ్డుకొచ్చి, ఖాళీ చేతులెందుకని, కుర్రాడి బకెట్ దగ్గరికి తమరిని తెచ్చారు.

పెద్దది, పెద్దది, పెద్దది. ఈ రాళ్లకి తగులుకున్న వాటిలో పెద్దది 2020 అక్టోబరులో గాలివానకి కొట్టుకొచ్చిన ఆ బంగ్లాదేశ్ ఓడ. దాన్ని తగిలించుకోలేకపోయావా? జపాన్‌లో 2006లో పట్టిన రికార్డు పార 72.8 కిలోలు. నీ హద్దు యాభై. నీ భక్తులు కలలో పట్టే చేపని కూడా తూచలేవు, ముప్ఫై గ్రాములదాన్నీ తూచలేవు, మధ్యలో ఉన్నదాన్ని దవడకి కొక్కెం వేసి నిలువునా వేలాడదీస్తావు. నీళ్లు మోసే ఒళ్లది, గాల్లో దాని బరువంతా దవడ కీళ్ల మీద పడుతుంది. కీలు జారిన చేపని నీళ్లలోకి వదిలితే అదేం తింటుంది? నువ్వు అంకె తేల్చి, వాడు ఫోను తీసి, ఇంకోడు చేతులు ముందుకి చాపి, "ఇంకొక్కటి బావా" అని ఫోటో తీసేసరికి మూడు నిమిషాలు. పైగా పండుగొప్ప మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుందని నీకు తెలుసా? నువ్వు ఎంత పెద్ద అంకె అడిగితే అంత గుడ్లున్న తల్లిని తెచ్చి నీ కొక్కేనికి తగిలిస్తున్నారు. పనికిమాలిన ప్లాస్టిక్ ముక్కా, నీ కోసం.

తూకం తెలియాల్సిందే అనేవాడికి టేపు చాలు. తడిచేత్తో, తడిగుడ్డ మీద పడుకోబెట్టి పొడవు అంగుళాల్లో చూసి, నడుము చుట్టుకొలతని మళ్లీ ఆ చుట్టుకొలతతోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చించి, ఎనిమిది వందలతో భాగిస్తే పౌండ్లు దరిదాపుగా వస్తాయి. ఇరవై అంగుళాల పొడవు, పన్నెండు అంగుళాల చుట్టు అయితే 3.6 పౌండ్లు, కిలో ఆరువందల పైచిలుకు. నొప్పి లేదు, బ్యాటరీ లేదు. ముప్ఫై గ్రాముల చేపకి కూడా ఎంతో కొంత వస్తుంది, సున్నా రాదు. చేపల గంప దించే అమ్మలు చిన్న చేపని కుప్పలెక్కన అమ్ముతారు. కుప్ప ఇంటికి కూరకి సరిపోతుందా లేదా, వాళ్లకి అదే లెక్క.

మాట తూలినందుకు క్షమించాలి. తమరికి ఒక్క పని మాత్రం చక్కగా వచ్చు, అది తమరినెవరూ అడగడం లేదు. రీలు డ్రాగ్, అంటే చేప లాగితే దారం వదిలే పట్టు, బిగించడం. దారం కొసని తమరి కొక్కేనికి కట్టి, రాడ్డు వంచి మెల్లగా లాగుతూ, రీలు దారం వదిలే క్షణాన అంకె చూడాలి. తొమ్మిది కిలోలకి తెగే దారమైతే రెండుంబావు నుంచి మూడు మధ్య ఉంచాలి. అంతకంటే బిగిస్తే ముడి దగ్గర తెగుతుంది, వదులైతే చేప రాళ్లలోకి దూరుతుంది. చేత్తో లాగి "సరిపోద్దిలే" అనుకునేవాళ్లు ఏటా ఎన్ని ఉత్తుత్తి ఎరలు పోగొట్టుకుంటారో లెక్కలేదు. అక్కడ రెండు మూడు కిలోల మీద తమరు చూపించే అంకె నమ్మదగ్గదే. ఆ సంగతి కుర్రాడికి కూడా చెప్పాం, వాడు తమరిని చూసి మొహం తిప్పుకున్నాడు.

కనుక తమరిని తాడుకట్టి రీళ్ల పెట్టెలో పెట్టాం. నెలకోసారి డ్రాగ్ చూడ్డానికి తీస్తాం. అంతవరకు తమరి రెండు సన్న బ్యాటరీలు తల టార్చిలో ఉంటాయి, దానికి మూడు కావాలి, మూడోది కొన్నాం. రాత్రి పోటు తొమ్మిదిన్నరకి. కుర్రాడు వస్తానన్నాడు, రొయ్య వాడే తెస్తాడట.

ఇట్లు,
రాళ్ల మీదివాళ్లు
విశాఖపట్నం