ఆ నంబరు మా దగ్గరే ఆగిపోయింది

మొన్న ఆదివారం రంభ బజారులో ఒక కుర్రాడి బైకు తాళానికి చిన్న అల్యూమినియం రింగు వేలాడుతూ కనిపించింది. చిటికెన వేలికి కూడా పట్టదు. దగ్గరికెళ్లి చూస్తే దాని మీద సన్నటి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు. "ఎక్కడిది తమ్ముడూ ఇది?" అన్నాను. "మా తాత వల్లో పడ్డ బాతు కాలిదన్నా. ఇంట్లో ఊరికే పడుంటే తగిలించుకున్నాను" అన్నాడు. ఎండలో తిప్పి తిప్పి చూశాను. చివరి రెండు అంకెలూ తాళానికి రాసుకుని అరిగిపోయాయి.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. అదేమిటో వాడికి ఎవరూ చెప్పలేదు, వాళ్ల తాతకీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు. ఎందుకంటే ఇలాంటి నంబరు ఒకటి మా ఇంటి నుంచి కూడా పోయింది. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఒడిశా గంజాం జిల్లా తెలుగువాళ్లు, ముఖ్యంగా చిలికా సరస్సు ఒడ్డున, సముద్రం ఒడ్డున, ఉప్పుమళ్ల దగ్గర ఉండేవాళ్లు కాస్త ఓపిక పట్టి చదవండి.

దీపావళి వెళ్లేసరికి మన చిలికాలో పక్షులు దిగుతాయి. శివరాత్రికి చలి శివశివా అని పోయినట్టే అవి కూడా మెల్లగా లేచిపోతాయి. సైబీరియా నుంచి, మంగోలియా నుంచి వస్తాయని అందరం బళ్లో చదువుకున్నాం. ఆ పుస్తకం రాసినవాళ్లకు ఎలా తెలిసింది? పక్షి వచ్చి చెప్పదు కదా. ఒకచోట ఎవరో దాని కాలికి నంబరు వేసి వదిలారు. ఎన్నో దేశాల అవతల ఇంకెవరికో ఆ నంబరు కనిపించింది. ఆ రెండో మనిషి ఉత్తరం ముక్క రాశాడు. అప్పుడు తెలిసింది. రెండో మనిషి రాయకపోతే మొదటి మనిషి పడ్డ శ్రమంతా గాలికి పోయినట్టే.

దీన్ని పద్ధతిగా మొదలుపెట్టింది డెన్మార్క్‌లో మోర్టెన్సన్ అనే బడి పంతులు. మన గోరింకలకు చుట్టాలైన స్టార్లింగ్ పిట్టలకు ముందు జింకు రింగులు వేసి చూశాడు. అవి బరువైపోయాయి. 1899లో అల్యూమినియంతో చేసి, నంబరూ ఊరి పేరూ చెక్కి, 165 పిట్టలకు వేశాడు. మన దేశంలో 1926లో ధార్ మహారాజు బాతులకు రింగులు వేయించాడు. పెద్ద ఎత్తున జరిగింది మాత్రం 1959 తర్వాత, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పూనుకున్నాక. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం చేసింది. కర్ణాటకలో క్యాసనూర్ అడవి జ్వరం బయటపడింది, అలాంటి వైరస్సే రష్యాలోనూ ఉంది, మరి పక్షుల ఒంటి మీది పిడుదులు దాన్ని మోసుకొచ్చాయా అని అనుమానం వచ్చింది. అంటే మనుషుల ప్రాణాల కోసం అడిగిన ప్రశ్నతోనే ఈ పని మనదేశంలో ఊపందుకుంది. ఊసుపోక చేసే పని అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మా ఇంటి కథ.

పదిహేనేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకు, మా చిన్నాన్న వల లాగుతుంటే అందులో ఒక సూదితోక బాతు చిక్కుకుని చచ్చిపోయి ఉంది. ఆయన దాన్ని పట్టాలని పట్టలేదు. చేపల కోసం రాత్రి కట్టిన వలలో అది మునిగిపోయింది. కాలికి రింగు ఉంది. ఆయన చదువుకోలేదు కానీ అది గవర్నమెంటు వస్తువై ఉంటుందని, దాన్ని అప్పజెప్పాలని ఆయనకు తోచింది. రింగు జేబులో వేసుకుని, ఒక పూట వేట మానుకుని, బస్సెక్కి ఒక ఆఫీసుకు వెళ్లాడు. నేను కూడా వెంట వెళ్లాను. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను.

అక్కడి గుమాస్తాకు కొంచెం తెలుగు వచ్చు. "వేటకెళ్లినప్పుడు దొరికింది బాబూ" అన్నాడు చిన్నాన్న. మన కడలి ఒడ్డు తెలుగులో వేట అంటే చేపలు పట్టడం. ఇది మనకు పుట్టుకతో తెలుసు. ఆ గుమాస్తాకు తెలిసిన తెలుగులో వేట అంటే తుపాకీ, ఉచ్చు, విషం గింజలు. అంతే, మాట మారిపోయింది. ఎవరు చంపారు? ఎన్ని చంపారు? ఎవరెవరు తిన్నారు? ఎవరికి అమ్మారు? నేను నాకొచ్చిన ఒడియాలో చెప్పబోతే "నువ్వు మాట్లాడకు" అన్నారు. సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టారు. చివరికి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపించారు. రింగు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. రసీదు లేదు. నంబరు రాసుకోవాలని నాకు తోచలేదు. ఆ బాధ ఈరోజుకీ ఉంది.

తిరుగు బస్సులో చిన్నాన్న ఒకే మాట అన్నాడు. "ఇంకోపాలి దొరికితే నీళ్లల్లో ఇసిరేస్తాను." ఆ తర్వాత రెండుసార్లు దొరికాయట. రెండుసార్లూ విసిరేశాడు.

నా కోపం ఇక్కడే. వేసిన రింగుల్లో మళ్లీ కబురు తెచ్చేవి మహా తక్కువ. వాటిలో రెండింటిని చిలికా నీళ్లలో కలిపేసింది మా చిన్నాన్న కాదు, ఆ వరండా. పక్షిని కాపాడటానికి చట్టం గట్టిగా ఉండాలి, ఒప్పుకుంటాను. వేటగాళ్ల మీద కేసులు పెట్టాలి. కానీ రింగు పట్టుకుని తనంతట తాను నడిచి వచ్చినవాడు దొంగ ఎలా అవుతాడు? దొంగ అయితే రింగు తెస్తాడా?

పోయిన ఏడాది చలికాలంలో చిలికా ఒడ్డున రింగులు వేస్తుండగా మొదటిసారి దగ్గర నుంచి చూశాను. చీకటితోనే మొదలుపెట్టారు. కంటికి ఆననంత సన్నటి నైలాన్ వల. పిట్ట చిక్కగానే క్షణం ఆలస్యం చేయకుండా ముడులు విడదీసి గుడ్డ సంచిలో పెట్టారు. సంచిలో చీకటిగా ఉంటే పిట్ట కుదురుగా ఉంటుందట. బరువు తూచారు, రెక్క కొలిచారు, ముక్కు కొలిచారు, ఈకలు ఎంతవరకు రాలి కొత్తవి వచ్చాయో చూశారు. కాలి లావుకు సరిపడే సైజు రింగు తీసి, దానికోసమే చేసిన పటకారుతో నొక్కారు. రింగు కాలి మీద తిరగాలి, జారిపోకూడదు, నొక్కకూడదు. నంబరు ఒకరు పైకి చదివితే ఇంకొకరు రాసుకుని మళ్లీ తిరిగి చదివారు. ఒక్క అంకె తప్పితే ఆ పక్షి బతుకంతా తప్పు లెక్కలో పడుతుంది. తర్వాత అరచెయ్యి తెరిచారు. నీళ్ల మీదుగా ఎగిరిపోయింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు పడకుండానే చెబుతున్నాను.

అక్కడ నా మనసును పట్టేసింది వల కట్టేవాళ్ల చేతులు. ఈ విద్య పుస్తకాల్లో పుట్టలేదు. బీహార్‌లో మీర్‌షికార్లని తరతరాలుగా పక్షులు పట్టి బతికిన కులం ఉంది. ఒక్క ఈక చెదరకుండా పక్షిని పట్టడం వాళ్లకు తెలుసు గనుకే సలీం అలీ కాలం నుంచి ఈ పనికి వాళ్లను పిలిచారు. మన చిలికాకే ఉత్తరాన, ఖుర్దా జిల్లా మంగళాజోడిలో ఒకప్పుడు పక్షుల్ని చంపి అమ్మినవాళ్లే 2000 నుంచి మెల్లగా కాపలాదారులయ్యారు. ఇప్పుడు పడవ నడుపుతూ, వచ్చినవాళ్లకు ఏ పక్షి ఏదో చెప్పి బతుకుతున్నారు. ఆ ఊళ్లో ఎవరూ వాళ్లను వరండాలో నిలబెట్టి మార్చలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మార్చారు.

కొందరు చదువుకున్న స్నేహితులు అడుగుతారు, పక్షి కాలికి బేడీ వేయడం హింస కాదా అని. మంచి ప్రశ్నే. వలలో పిట్ట కంగారు పడుతుంది, అజాగ్రత్తగా చేస్తే దెబ్బ తగులుతుంది. అందుకే అనుమతి, శిక్షణ లేనివాళ్లు దీని జోలికి పోకూడదు. ఎవరైనా సరదాకి పక్షికి రింగు వేస్తుంటే నేనే ముందు అడ్డుపడతాను. కానీ ఆ రింగు బరువు పక్షికి లెక్కలోకి రానంత తక్కువ. ఆ పక్షి ఎక్కడ గుడ్లు పెడుతుందో, దారిలో ఏ చెరువులో దిగి తింటుందో తెలియకపోతే ఆ చెరువును ఎవరో పూడ్చేసిన రోజు మనకు తెలియనే తెలియదు. ఇక్కడ చిలికాలోని నలబణా దీవిని 1987 నుంచి అభయారణ్యంగా ఎంత కాపాడినా, దారి మధ్యలో దిగే చోటు పోతే పక్షి రాదు.

ఇప్పుడు శాటిలైట్లున్నాయి కదా, ఇంకా ఈ రేకు ముక్కలెందుకు అంటారు ఇంకొందరు. పక్షి ఒంటికి కట్టి శాటిలైట్ ద్వారా జాడ తెలుసుకునే ట్రాన్స్‌మిటర్ గొప్పదే. తల మీద రెండు నల్ల పట్టీలుండే పెద్ద బాతులు మన చిలికాకు వస్తాయి కదా, 2008 డిసెంబరులో ఇక్కడే కొన్నింటికి ట్రాన్స్‌మిటర్లు కట్టారు. అవి హిమాలయాలు దాటే తీరు అలాగే తెలిసింది. పగలు కొండ ఎక్కే గాలి సాయం కోసం చూడకుండా, రాత్రీ తెల్లవారుజామునా సొంత రెక్కల బలంతో ఎక్కేస్తాయి. ఈ జాతి బాతు 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు కూడా నమోదైంది. ఇదంతా రింగు చెప్పలేదు, నిజమే. కానీ ట్రాన్స్‌మిటర్ ఖరీదైనది, ఏ కొద్ది పక్షులకో కట్టగలరు. హుమ్మా ఉప్పుమళ్లలో పరిగెత్తే పిడికెడు ఉల్లంకి పిట్టల్లో చాలావాటికి ఆ బరువు మోసే శక్తి లేదు. జనవరి లెక్కల్లో చిలికాలో 11 లక్షలకు పైగా పక్షులు తేలిన ఏళ్లున్నాయి. వాటిలో ఎన్నింటికి కడతారు? రింగుకు బ్యాటరీ అక్కర్లేదు. పక్షి బతికినంత కాలం ఉంటుంది, చచ్చాక కూడా సాక్ష్యం చెబుతుంది.

గూఢచారి భయం ఇంకొకటి. 2023 మార్చిలో పారాదీప్‌లో వేట పడవ మీద వాలిన పావురం కాలికి ఏవో పరికరాలున్నాయని పోలీసులకు అప్పగించారు. వార్త అన్ని చానెళ్లలో తిరిగింది. అదే ఏడాది ముంబైలో చైనా గూఢచారి అని ఒక పావురాన్ని పట్టుకున్నారు. తీరా చూస్తే అది తైవాన్‌లో పందేల పావురం. పాపం, ఎనిమిది నెలల తర్వాత 2024 జనవరిలో వదిలారు. ఇవి విన్న మన ఊరివాళ్లు కాలికి ఏదైనా మెరిస్తే ముట్టుకోవడానికే టెన్షన్ పడుతున్నారు. ఎవరైనా వచ్చి, ఇది రింగు, దీని మీద ఉండేది నంబరు, ఏ సొసైటీకి కబురు చేయాలో ఇదిగో అని రెండు ముక్కలు చెబితే ఈ భయం ఉండదు.

ఆ రెండు ముక్కలు మన భాషలో ఎవరూ చెప్పడం లేదు. రింగు మీద ఇంగ్లిష్. ఒడ్డున బోర్డులు ఒడియాలో, ఇంగ్లిష్‌లో. వలతో రోజూ నీళ్లలో ఉండేవాళ్లలో ఇంత మంది తెలుగువాళ్లుంటే వాళ్లకు తప్ప అందరికీ చెప్పారు. తుపాను వస్తే మా ఊళ్లో మైకులో తెలుగులోనూ చెబుతారు కదా, అలాగే చెప్పొచ్చు. మనవాళ్లలో చాలామంది ఒడియా మీడియంలో చదివారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. కాబట్టి తెలుగు బోర్డు ఒక్కటే పెట్టినా సరిపోదు. నిమిషం వాయిస్ మెసేజ్ చేసి వాట్సాప్‌లో వదిలితే చాలు, ఊరంతా వింటుంది.

ఇంకోటి, జవాబు రావాలి. దొరికినవాడికి ఆ పక్షి ఎక్కడిదో తిరిగి చెప్పాలి. ఋషికుల్య నది దగ్గర పొడంపేటలో సముద్రపు తాబేళ్లకు వేసే నంబరు ట్యాగుల సంగతి జనం ఎందుకు చెప్పుకుంటారంటే, కథ తెలిసింది గనుక. 2021లో మన ఒడిశా తీరంలోని గహిర్మఠలో ట్యాగు వేసిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టిందని పేపర్లో వస్తే మా ఊళ్లో ముసలివాళ్లు కూడా వారం రోజులు అదే మాట్లాడుకున్నారు. మా చిన్నాన్నకు "నీ వల్లో పడ్డది ఫలానా దేశం పక్షి, ఇన్నేళ్ల వయసుది" అని ఒక్క కార్డు వచ్చి ఉంటే ఆయన తర్వాతి రెండు రింగులూ దాచి ఉండేవాడు. ఆ మనిషి నాకు తెలుసు.

సరే, చేయాల్సింది చెబుతాను. బతికున్న పక్షి అయితే రింగు తీయకండి. నంబరు చదివి, ఫోటో తీసి వదిలేయండి. చచ్చిన పక్షి అయితే నంబరు, మీద ఉన్న ప్రతి అక్షరం, తేదీ, చోటు రాసుకోండి. కాలికి జెండాల్లాంటి రంగు ప్లాస్టిక్ ముక్కలుంటే ఏ రంగు పైన, ఏ రంగు కింద, కుడికాలా ఎడమకాలా అన్నది ముఖ్యం. రంగుల వరసను బట్టే ఏ దేశంలో వేశారో తెలుస్తుంది. ఫోన్ కెమెరాలో మసగ్గా వచ్చినా పారేయకండి.

మీ ఇంట్లో తాళాల గుత్తిలో, మొలతాడులో, పాత ట్రంకుపెట్టెలో అలాంటి రింగు ఉంటే నాకు మెసేజ్ చేయండి. ఎప్పుడు, ఎలా దొరికిందని నేను నిలదీయను. మీ పేరు రాయొద్దంటే రాయను. నంబరు నేనే ముంబై సొసైటీకి పంపిస్తాను. జవాబు వస్తే మీ ఇంటికొచ్చి తెలుగులో చదివి వినిపిస్తాను. రంభ కుర్రాడి రింగు నా దగ్గరే ఉంది. వాడే ఇచ్చాడు. అరిగిన అంకెలు రెండూ పక్క నుంచి దీపం పెడితే కాస్త కనబడుతున్నాయి. మొదటిది 3 అయినా కావాలి, 8 అయినా కావాలి. రెండు నంబర్లూ రాసి పంపుతున్నాను.